గాలికీ కాలికీ ఒకే అక్షరం

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగు ధ్వనులకూ ఒక్కటే అక్షరం ఉంది కాబట్టి, గాలి అన్న తెలుగు మాటనూ కాలి అన్న తెలుగు మాటనూ ఆ లిపిలో రాస్తే రెండూ ఒకేలా కనబడతాయి. వీచే గాలి గురించి చెబుతున్నారా, కాలి నడక గురించి చెబుతున్నారా అన్నది చదివేవారు ముందూ వెనకా ఉన్న మాటలను బట్టి తేల్చుకోవలసిందే. మధుర, కోయంబత్తూరు ప్రాంతాల్లో కొన్ని శతాబ్దాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంటి మాట తెలుగు, బడి చదువు తమిళం. అందువల్ల ఆ ఇంటి మాటను ఎప్పుడైనా కాగితం మీద పెట్టవలసి వస్తే వారికి చేతనైన లిపి తమిళ లిపే. తమిళనాట అచ్చయ్యే సంగీత పుస్తకాలు ఈ చిక్కును తమ పద్ధతిలో దాటాయి. తెలుగు కీర్తనను తమిళ లిపిలో వేసేటప్పుడు అక్షరం పక్కన కాస్త పైకెత్తి 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. 3 కనబడితే గ అనీ, 4 కనబడితే ఘ అనీ పాడేవారు గుర్తుపడతారు. ఆ అంకె పలుకును తేటపరుస్తుంది గాని ఆ పలుకుకు అర్థం ఏమిటో చెప్పదు.

నోటికి వచ్చిన భాష కంటికి అందకపోవడం, చెవికి ఇంపైన మాట బుద్ధికి చిక్కకపోవడం అనే ఈ రెండు స్థితులూ ఒకేచోట ఉన్నందువల్ల, ప్రయోగవాద రచనకు స్పష్టమైన అర్థం ఉండి తీరాలా అన్న పాత తగవును విచారించడానికి ఈ ప్రాంతం ఏ నగరంలోని సాహిత్య సభకన్నా అనువైనది. ప్రయోగవాద రచన అంటే ఇక్కడ ఆధునికతావాద రచనే; అయితే ఆధునిక సాహిత్యం వేరు, ఆధునికతావాదం వేరు అని ముందుగా గుర్తుంచుకోవాలి. మొదటిది కాలాన్ని బట్టి పెట్టిన పేరు. రెండోది ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో యూరప్‌లో బలపడి తర్వాత భారతీయ భాషల్లోకి వచ్చిన ఒక రచనాధోరణి. వాక్యాన్ని మధ్యలో తెంచడం, కథలోని కాలక్రమాన్ని తారుమారు చేయడం, ఒక ఊహకూ మరో ఊహకూ మధ్య ఉండవలసిన లంకెను కావాలనే తీసేయడం దాని లక్షణాలు. ఆ లంకెను పాఠకుడే కలుపుకోవాలని ఆ ధోరణి కవులు అంటారు, కలుపుకోలేనివాడు అర్థం లేదని అంటాడు. తగవంతా అక్కడే ఉంది.

అయితే ఈ తగవు ఇరవయ్యో శతాబ్దిలో పుట్టలేదు. మధురలో 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736లో రాణి మీనాక్షితో ముగిసిన నాయకరాజుల పాలనలో, ముఖ్యంగా 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడి కాలంలో, తమిళదేశం నడిబొడ్డున తెలుగు రచన కొత్త పోకడలు పోయింది. ఆ రాజు శ్రీరంగ మాహాత్మ్యాన్నీ మాఘ మాహాత్మ్యాన్నీ వచనంలో రాశాడు. ఆయన కొలువులోని సేనానాయకుడు సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు అహల్యాసంక్రందనాన్ని పద్యంలో రాసినా, జైమిని భారతాన్ని మాత్రం వచనంలోనే నడిపాడు. శేషం వేంకటపతి తారాశశాంక విజయం వెలువడిందీ ఆ మధురలోనే. కావ్యమంటే పద్యమో, పద్యం నడుమ వచనం కలిసిన చంపువో అనుకునే కాలంలో పెద్ద కథనంతా వచనంలో చెప్పడం ఆనాటికి చిన్న ప్రయోగం కాదు. చుట్టూ తమిళం వినిపించే ఊళ్లో, తెలుగు చెవికి తెలుసు గాని ఛందస్సు అంతగా తెలియని శ్రోతలు ఆస్థానంలో ఎక్కువయ్యారేమో, వచనం అందుకే కుదిరిందేమో అని ఊహించడానికి అవకాశం ఉంది. నిడదవోలు వేంకటరావు దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయం పేరుతో ఈ సాహిత్యాన్నంతా శ్రద్ధగా పరిశీలించే దాకా, చాలామంది విమర్శకులు దీన్ని క్షీణయుగం అన్న ఒక్క మాటతో పక్కన పెట్టారు. వారి ఆరోపణలు ప్రధానంగా రెండు: శృంగారం హద్దు మీరిందన్నది ఒకటి, మాటల గారడీ పెరిగి విషయం తరిగిందన్నది మరొకటి. ఈ రెండో నేరాన్నే రెండు వందల ఏళ్ల తర్వాత ప్రయోగవాద కవుల మీదా మోపారు. నేరం మోపిన గొంతు కూడా ఇంచుమించు అదే.

మాటల గారడీ అని తీసిపారేసిన దానిలో ముఖ్యమైనది శ్లేష, అంటే ఒకే మాటలో రెండర్థాలు ఇమిడేలా చేయడం. మాటను విడగొట్టకుండానే రెండర్థాలు వస్తే అభంగశ్లేష అంటారు, విడగొడితే రెండో అర్థం వస్తే సభంగశ్లేష అంటారు. కలకాలం అన్న తేలిక మాటనే తీసుకుంటే, కలిపి చదివినప్పుడు ఎల్లప్పుడూ అని అర్థం వస్తుంది, విడదీసి చదివినప్పుడు కల కనే కాలం అనీ అనుకోవచ్చు. చెవికి రెండూ ఒక్కటే కాబట్టి వింటున్నవారికి ఏది ముందు తడుతుందో చెప్పేవారి చేతిలో లేదు. ఇలాంటి మాటలు పద్యం పొడుగునా పేర్చి, ఒక కథ చదువుతుంటే మరో కథ కూడా నడిచేలా చేస్తే అది ద్వ్యర్థి కావ్యం. పదహారో శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణ భారతాలను ఒకే పద్యాలలో ఇమిడ్చాడు. ఆ కావ్యంలో అర్థం తక్కువైందని ఎవరూ అనలేరు, రెండు పూర్తి కథలున్నాయి. అయినా దాన్ని చదవడం కష్టమే. అర్థం లేకపోవడానికీ అర్థం అందడం కష్టం కావడానికీ మధ్య ఎంత దూరం ఉందో చూపడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఇక పద్యంలోని అక్షరాలను పాము ఆకారంలోనో చక్రం ఆకారంలోనో పేర్చే బంధకవిత్వం మాట వేరు; అందులోని నేర్పంతా కంటికే గాని చెవికి కాదు.

వ్యాఖ్యానం లేకుండా బోధపడని కావ్యాన్ని ఏం చేయాలన్న ప్రశ్న సంస్కృతంలో ఇంకా పాతది. వ్యాకరణ సూత్రాలకు ఉదాహరణలుగా రామకథను రాసిన భట్టి, తన కావ్యం వ్యాఖ్యానంతోనే తెలుస్తుందనీ, అది బుద్ధిమంతులకు పండుగ అనీ, మందమతులకు ఇందులో చోటు లేదనీ కావ్యం చివర కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు. అలంకారశాస్త్రం రాసిన భామహుడి పుస్తకంలో ఇంచుమించు ఇదే మాట ఉంది గాని అక్కడ స్వరం తిరగబడింది: కావ్యాలు కూడా శాస్త్రాల్లా వ్యాఖ్యానం చూసి తెలుసుకోవలసినవైతే తెలివైనవాళ్లకు పండుగే, పాపం తెలివి తక్కువవాళ్ల గతి ఏమిటని ఆయన ఎత్తిపొడుపు. ఇద్దరిలో ఎవరు ముందువారో పండితులు తేల్చలేదు. ఆ ఎత్తిపొడుపు మాత్రం నేటికీ పదును తగ్గకుండా ఉంది, భట్టి గర్వమూ అలాగే ఉంది. తెలుగు సంగతికి వస్తే, తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వేంకటకవి రాసిన విజయవిలాసానికి తాపీ ధర్మారావు హృదయోల్లాస వ్యాఖ్య రాస్తే 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. పదిహేడో శతాబ్ది కావ్యంలోని చమత్కారాన్ని ఇరవయ్యో శతాబ్ది పాఠకుడికి అందించడమే ఒక సృజన అని దేశం గుర్తించిందన్నమాట. ఆ వ్యాఖ్యను చదివినవారు వేంకటకవిని అర్థం కాని కవి అనరు, మెల్లగా అర్థమయ్యే కవి అంటారు.

తెలుగులో ఆధునికతావాద ప్రయోగాలు ఈ వెనుకటి చరిత్రను పట్టించుకోకుండా మొదలయ్యాయి. 1939లో పఠాభి, అంటే నెల్లూరులో పుట్టిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, ఫిడేలు రాగాల డజన్ ప్రకటించి మద్రాసు నగరాన్నీ ఇంగ్లీషు మాటలనూ పద్యంలోకి తెచ్చినప్పుడు ఆనాటి పాఠకులు ఉలిక్కిపడ్డారు. కాని పఠాభిలో చిక్కు అర్థానిది కాదు, మర్యాదది. ఆయన ఏమంటున్నాడో తెలుస్తూనే ఉంటుంది, అలా అనవచ్చా అన్నదే ఆ పాఠకుడి బాధ. 1949 నాటి ఆరుద్ర త్వమేవాహం సంగతి వేరు. రజాకార్ల నాటి తెలంగాణ హింస దాని నేపథ్యం. సూచనలు, శాస్త్రవిజ్ఞానపు మాటలు, అంత్యప్రాసలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే పాఠకుడు సంఘటనను పట్టుకోలేక భయాన్ని మాత్రం పట్టుకుంటాడు. ఇక్కడ కథ మబ్బులో ఉన్నా లయ నిలకడగా ఉంది, భయం నిలకడగా ఉంది. ఆ రెండింటి ఆసరాతో పాఠకుడు రెండోసారి చదవగలడు. ఇంత చిక్కని పుస్తకం రాసిన ఆరుద్రే ఆ తర్వాత సమగ్రాంధ్ర సాహిత్యం సంపుటాలలో, దక్షిణాదిన వెలిసిన నాయకరాజుల ఆస్థానాలతో సహా తెలుగు సాహిత్య చరిత్రనంతా, సామాన్య పాఠకుడు నవలలా చదువుకోగలిగే తేట వచనంలో చెప్పడం గమనించవలసిన విషయం. తేటగా రాయడం చేతకాక చిక్కుగా రాసిన మనిషి కాడని ఆ సంపుటాలు చెబుతాయి.

1969 ఒక విచిత్రమైన సంవత్సరం. ఆ ఏడు వెలువడిన నవీన్ నవల అంపశయ్య చైతన్యస్రవంతి పద్ధతిలో నడుస్తుంది. పాత్ర మనసులో ఆలోచనలు ఏ వరుసలో పుడితే ఆ వరుసలోనే, రచయిత సర్దుబాటు చేయకుండా రాసుకుపోవడాన్ని చైతన్యస్రవంతి అంటారు. అయినా ఆ నవలలో విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడి ఒక్క రోజు మాత్రమే ఉంది కాబట్టి, పొద్దున మొదలై రాత్రికి ముగిసే ఆ రోజు పాఠకుడి చెయ్యి వదలదు. అదే ఏడు వచ్చిన మో కవితా సంపుటి చితి-చింత అలాంటి ఆసరాలను కూడా చాలాచోట్ల తీసేసింది. మో అన్నది వేగుంట మోహనప్రసాద్ పెట్టుకున్న పొట్టి పేరు. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఆయన తెలుగు వాక్యాన్ని సగంలో ఆపి, మరో భాషలో అందుకుని, ముగించకుండా వదిలేస్తాడు. ఆయన కవితల్లో కొన్నిచోట్ల ఆ తెగిన వాక్యం లోపల ఒక మనిషి ఊపిరి వినబడుతుంది, కొన్నిచోట్ల తెగిన వాక్యం తప్ప మరేమీ వినబడదు. అభిమానులు ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి పొగడడం, విమర్శకులు ఒకే గంపలో వేసి తిట్టడం వల్ల, ఆ కవిత్వంలో నిలిచేదేదో తేల్చే పని పెద్దగా జరగలేదు.

కవిత్వం అర్థం కాకముందే మనసును తాకగలదని టి. ఎస్. ఎలియట్ డాంటే మీద రాసిన వ్యాసంలో ప్రతిపాదించాడు. ఈ మాటను రుజువు చేయడానికి ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. కావేరి తీరాన త్యాగరాజు, అంటే 1767 నుంచి 1847 దాకా జీవించి తెలుగులో కీర్తనలు కట్టిన వాగ్గేయకారుడు, తమిళులకు తరతరాలుగా ఇచ్చిన అనుభవమే చాలు. తెలుగు రాని లక్షలాది మంది ఆ కీర్తనలు విని కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. 1916లో మధురలో పుట్టిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో తెలుగు పలుకు స్పష్టత తెలుగువారికే ఈర్ష్య పుట్టించేది. 1912లో అదే మధురలో పుట్టిన గాయకుడు మణి అయ్యర్ కల్పనస్వరాలకు పేరుపొందాడు. కల్పనస్వరమంటే సరిగమపదని అన్న ఏడు అక్షరాలతో అప్పటికప్పుడు అల్లే అల్లిక, అందులో నిఘంటువుకు చిక్కే అర్థం ఒక్కటీ లేదు. అక్కడ ఎవరూ అర్థం కాలేదని లేచిపోరు. ఇంకా ముందుకు పోతే, రాజకంబళం నాయకులనే కులంవారు ఆడే దేవరాట్టం అనే నృత్యంలో పాటే ఉండదు. దేవదుందుభి అనే ఉరుమి మోతకు అడుగులు పడుతుంటాయి, ఆట సాగిపోతుంది.

కాని నాణేనికి రెండో వైపు కూడా ఈ నేలలోనే ఉంది. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జరిగిన సభ తమిళ పాటలకు కచేరీలలో ప్రాధాన్యం కావాలని తీర్మానించింది, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం, అంటే తమిళ సంగీత సంఘం, ఏర్పడింది. రాజా అణ్ణామలై చెట్టియార్ ఆ ఉద్యమానికి వెన్నుదన్ను, పత్రికల్లో రచయిత కల్కి దాని గొంతు. డబ్బిచ్చి వచ్చి కూర్చున్న తమిళ శ్రోత తనకు తెలియని భాషలో రాత్రంతా పాట ఎందుకు వినాలన్నది వారి ప్రశ్న. సంగీతానికి భాష ముఖ్యం కాదని ఎదుటివారు వాదించారు. భాష ముఖ్యం కానప్పుడు తమిళంలో పాడడానికి అభ్యంతరం ఎందుకన్న మారుప్రశ్నకు వారి దగ్గర నిలిచే జవాబు లేకపోయింది. అర్థంతో పనిలేదు అనేవారు తరచుగా అర్థం ముందే తెలిసినవారో, ఆ అర్థం తమ సొత్తు అనుకునేవారో అయివుంటారని ఆ వాదప్రతివాదాలు బయటపెట్టాయి. ప్రయోగవాదాన్ని సమర్థించేవారు ఈ ఘట్టాన్ని గుర్తుచేసుకోవడం మంచిది. త్యాగరాజు పాట తెలుగు రానివారికి కూడా చేరిందంటే దానికి రాగం గట్టి నేలగా ఉంది. అర్థమూ రాగమూ రెండూ లేని రాతకు ఆ ఉదాహరణ చెల్లదు.

కోయంబత్తూరులో ఈ తగవు మరో రూపం తీసుకుంది. నాటి మధుర జిల్లాకు చెందిన సి. ఎస్. చెల్లప్ప 1959 జనవరిలో మొదలుపెట్టి 1970 దాకా నడిపిన ఎళుత్తు పత్రిక తమిళంలో పుదుక్కవిదై అనే కొత్త కవిత్వానికి, అంటే ఛందస్సు వదిలిన వచనకవిత్వానికి, ప్రధాన వేదిక అయింది. అందులోని కవితలు చాలావరకు అంతర్ముఖమైనవి, ఒంటరి మనిషి లోపలి చీకటిని మాట్లాడేవి, అందుకే అర్థం కావన్న పేరు తెచ్చుకున్నవి. 1971లో కోయంబత్తూరు నుంచి వెలువడిన వానంబాడి దీనికి ఎదురు నిలిచింది. సిర్పి, పువియరసు, జ్ఞాని వంటివారు కూడిన ఆ బృందం తమ పత్రికకు వెల పెట్టకుండా పంచింది. నూలు మిల్లుల ఊళ్లో కవిత్వం మిల్లు కార్మికుడికి చేరాలని వారి పట్టుదల. వెల లేని కవిత అర్థం కూడా దాచకూడదు కదా. ఎళుత్తు వైపువారు వానంబాడి కవిత్వాన్ని నినాదమని ఈసడించారు, వీరు వారిని చీకటి గదుల కవులన్నారు. ఈనాడు వెనక్కి తిరిగి చూస్తే, వానంబాడిలో అతి స్పష్టంగా చెప్పిన కవితలు చాలావరకు వాడిపోయాయి. ఎళుత్తులో కావాలని మసకబార్చిన కవితలూ అంతే. రెండువైపులా మిగిలినవి ఏదో ఒక దృశ్యాన్ని గట్టిగా పట్టుకున్నవే.

తెలుగు వలస కుటుంబంలో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఉదాహరణ ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేస్తుంది. 1923లో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి 2021లో కన్నుమూసిన ఆయనకు బడిచదువు కొద్దిపాటిదే. కరిసల్ అనే నల్లరేగడి నేల మీద రైతులు మాట్లాడే మాటను ఉన్నదున్నట్టు కథల్లో పెట్టాడు. తెలుగు కుటుంబాలు ఉత్తరం నుంచి దక్షిణానికి తరలివచ్చిన వైనాన్ని ముసలమ్మ చెప్పిన కథగా 1976 నాటి గోపల్ల గ్రామం అనే నవలలో మలిచాడు, దాని కొనసాగింపు గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆయన రాతలో ప్రయోగవాదం పేరు ఎక్కడా లేదు, పొలం గట్టు మీద చెప్పుకునే మాటే ఉంది. అయినా చదువుకున్న తమిళ పాఠకుడికి ఆ మాటలు తెలియలేదు. 1982లో ఆయనే కరిసల్ మాటలకు నిఘంటువు తేవలసి వచ్చింది. నిరక్షరాస్యుడైన రైతుకు తేటతెల్లంగా ఉన్న కథ పట్టణంలోని పట్టభద్రుడికి చిక్కుప్రశ్న అయిందంటే, స్పష్టత అన్నది రాతలో ఎంత ఉందో చదివేవాడి బతుకులోనూ అంత ఉందని ఒప్పుకోవాలి. భామహుడు జాలిపడిన తెలివి తక్కువవాడు ఇక్కడ పట్టా పుచ్చుకున్నవాడే కావడం ఒక సరదా.

ఈ దృష్టితో చూసినప్పుడు, స్పష్టమైన అర్థం కావాలని అడిగే పాఠకుణ్ణి సోమరి అని కొట్టిపారేయడం న్యాయం కాదు. కోయంబత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోని కమ్మవారికీ, తెలుగు మాట్లాడే అరుంధతీయులకూ, రాజపాళయం రాజులకూ ఇంటి తెలుగు ఉంది గాని పుస్తకపు తెలుగు చాలావరకు అందలేదు. పళ్లిక్కూడం అన్న తమిళ మాటకు తెలుగు విభక్తి చేర్చి పళ్లిక్కూడానికి పోయినాడు అని చెప్పే ఆ మాటతీరులో రెండు భాషలు ఒక వాక్యంలో అతుకు కనబడకుండా కలుస్తాయి. మో ఎంతో తంటాలు పడి సాధించిన భాషల కలయిక అక్కడ ప్రతి ఇంటి వాకిట్లో అప్రయత్నంగా జరుగుతోంది. తేడా ఏమంటే, ఆ వాక్యం విన్న ఇరుగుపొరుగు వారిలో ఎవరూ తెల్లబోరు. పిల్లవాడు బడికి పోయాడని అందరికీ తెలుస్తుంది. ప్రయోగం కోసం రాసిన వాక్యానికి ఇలాంటి ఇరుగుపొరుగు ఉండదు, దాన్ని కవి తన పుస్తకంలోనే సమకూర్చుకోవాలి. ఆరుద్ర లయతో సమకూర్చుకున్నాడు, నవీన్ ఒక్క రోజు గడువుతో సమకూర్చుకున్నాడు. అలా సమకూర్చుకోని రచనను ఎంతమంది మెచ్చుకున్నా, దాన్ని పాఠకుడు చదవలేకపోవడం పాఠకుడి తప్పు కిందికి రాదు.

అలాంటి ఇంట్లో పుట్టి సంగీతం నేర్చుకుంటున్న పిల్ల ముందు తమిళ లిపిలో అచ్చయిన తెలుగు కీర్తనల పుస్తకం ఉన్నప్పుడు, అక్షరం పక్కన చిన్న 3 చూసి ఆ పిల్ల గ అని పలుకుతుంది. గాలి అన్న మాట వస్తే తమిళ పిల్లకు అది పాటలో ఒక చోటు మాత్రమే, ఈ పిల్లకు వాకిట్లో అమ్మమ్మ రోజూ అనే మాట. ఆ పక్కనే కీర్తనలో సంస్కృత సమాసం వస్తుంది, అక్కడ ఇద్దరు పిల్లలూ ఒకే తీరుగా ఆగి, అంకెలు చూసుకుని, పలుకు తప్పకుండా పాడేసి, తర్వాతి మాటకు వెళతారు.